కారు లేని ఇంటికీ కారు జాగ: పార్కింగ్ నిబంధన భారం ఎవరిది?

వరంగల్ చౌరస్తా చుట్టూ ఉన్న పాత బజార్లలో ముఖం తక్కువ, లోతు ఎక్కువ ఉన్న స్థలాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇరవై అడుగుల వెడల్పు, నూట ఇరవై అడుగుల పొడవు ఉన్న అలాంటి ఒక స్థలాన్ని ఊహించుకుందాం. కొలిస్తే 266 గజాలు తేలుతుంది. ముందు రెండు మడిగెలు, వెనక ఇల్లు, మధ్యలో చిన్న వాకిలి, రెండు పక్కలా పొరుగువారి గోడలు. దూలాలు పుచ్చిపోయాయని యజమాని ఆ పాత కట్టడాన్ని విప్పి, కింద దుకాణాలు, పైన ఇద్దరు పిల్లలకు చెరో ఇల్లు కట్టాలనుకుంటాడు. నక్షా గీయించడానికి వెళ్తే ఇంజినీరు అన్నిటికంటే ముందు అడిగేది బండ్లు ఎక్కడ నిలుపుతారనే. కారు లోపలికి పోవడానికి కనీసం పదడుగుల దారి వదిలి, మెట్లకు మరో నాలుగడుగులు తీస్తే, ఇరవై అడుగుల ముఖంలో దుకాణానికి మిగిలేది ఆరడుగులే. తాతల నాటి నుంచి రెండు కుటుంబాలకు అన్నం పెట్టిన వీధి ముఖం కార్ల దారి కింద పోతుంది. అందుకే ఇలాంటి స్థలాల యజమానులు కొందరు విప్పే ఆలోచన మానుకొని పాత గోడలకే సిమెంటు పూయించుకుంటారు. మరికొందరు ఒక నక్షాకు అనుమతి తెచ్చుకొని మరో రకంగా కడతారు.

ఈ చిక్కుకు మూలం 2012 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్ర పురపాలక శాఖ జీవో 168 ద్వారా ఇచ్చిన భవన నిర్మాణ నియమాలలో ఉంది. రాష్ట్రం ఏర్పడిన తరువాత తెలంగాణ కూడా సవరణలతో వాటినే కొనసాగించింది. భవనంలో కట్టే మొత్తం విస్తీర్ణంలో ఇంత శాతానికి సమానమైన జాగాను పార్కింగ్‌కు చూపించాలని ఆ నియమాలు చెబుతాయి. ఆ శాతం భవనం వాడకాన్ని బట్టి, ఊరి స్థాయిని బట్టి మారుతుంది: మల్టీప్లెక్సుకు ఎక్కువ, హోటళ్లకు, ఆఫీసులకు అంతకంటే తక్కువ, అపార్ట్‌మెంట్లకు, దవాఖానలకు, బడులకు ఇంకా తక్కువ. మరీ చిన్న స్థలాలకు మినహాయింపు ఉంది. స్థలం పెరిగే కొద్దీ మొదట స్టిల్టు (కింద గోడలు లేకుండా స్తంభాల మధ్య వదిలే ఖాళీ అంతస్తు), ఆ తరువాత సెల్లార్ (నేల కింది అంతస్తు), ఇంకా పెద్దదైతే రెండు మూడు సెల్లార్లు అవసరమవుతాయి. అక్కడ ఉండబోయే వారికి ఎన్ని కార్లున్నాయి, బస్టాండు ఎంత దూరం, పక్క వీధిలో ఖాళీ ఉందా అనే ప్రశ్నలకు ఈ లెక్కలో చోటు లేదు.

ఈ నిర్బంధాన్ని కొత్త కట్టడాల నుంచి ఎత్తివేయాలని ఈ వ్యాసం వాదిస్తుంది. ఎత్తివేయడం అంటే పార్కింగ్ కట్టవద్దని నిషేధించడం కాదని ముందే స్పష్టం చేయాలి, ఎందుకంటే ఈ రెంటినీ కలిపి చూడడం వల్లనే చర్చ మొదట్లోనే దారి తప్పుతుంది. నిర్బంధం పోయినా కారున్న కొనుగోలుదారుల కోసం కట్టే బిల్డరు పార్కింగ్ కడతాడు, కార్లలో వచ్చే ఖాతాదారులు కావాలనుకునే షోరూము కూడా కడుతుంది. ఎంత జాగా కావాలో తేల్చే పని జీవోలోని శాతం చేతి నుంచి, దానికి డబ్బు పెట్టేవాడి చేతికి, వాడుకునేవాడి చేతికి మారుతుంది.

ఈ నిబంధన పుట్టింది మన దగ్గర కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరం 1923లో అపార్ట్‌మెంట్లకు తొలిసారి ఇలాంటి నియమం పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆ దేశంలో దాదాపు ప్రతి ఊరూ దాన్నే అనుసరించింది. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ 1961లో ప్రతి ఫ్లాటుకూ ఒక కారు చోటు తప్పనిసరి చేసిన తరువాత ఒక్కో ఇంటి నిర్మాణ ఖర్చు 18 శాతం పెరిగిందని, అంతే నేలలో కట్టే ఇళ్ల సంఖ్య 30 శాతం తగ్గిందని తేలింది. లాస్ ఏంజిలిస్‌లో దశాబ్దాల పాటు ఈ విషయాన్ని అధ్యయనం చేసి 2025లో మరణించిన ప్రొఫెసర్ డోనాల్డ్ షూప్ పదే పదే ఎత్తి చూపింది ఒక్కటే: ఈ అంకెల వెనక శాస్త్రం లేదు. ఒక ఊరు పక్క ఊరిని చూసి రాసుకుంది. పార్కింగ్ ఊరికే దొరికే చోట అత్యంత రద్దీ వేళ ఎన్ని కార్లు నిలిచాయో లెక్కపెట్టి, ఆ అంకెనే అందరికీ అవసరంగా నిర్ణయించారు. ఇంటికి నాలుగు చక్రాలున్న దేశంలోనే ఇది నిలవని లెక్క అయినప్పుడు, రెండు చక్రాల మీద, కాలినడకన, ఆటోలో తిరిగే మన ఊరికి అది ఎలా సరిపోతుంది?

మన దగ్గర విస్తీర్ణంలో శాతం అనే పద్ధతి వల్ల మరో విచిత్రం జరుగుతుంది. కాకతీయ విశ్వవిద్యాలయం క్రాస్‌రోడ్డు దగ్గర నాలుగంతస్తుల హాస్టల్ కట్టారనుకుందాం. అందులో ఉండే పిల్లలు నర్సంపేట, పరకాల, ములుగు వైపు నుంచి ట్రంకు పెట్టెతో బస్సు దిగి వచ్చినవారు. వారిలో కారున్నవారిని వెతకాలి. అంతే విస్తీర్ణంలో మరో కాలనీలో కట్టిన అపార్ట్‌మెంటులో ఇంటికి రెండు కార్లుండవచ్చు. విస్తీర్ణాన్ని మాత్రమే చూసే లెక్కకు ఈ రెండు భవనాల మధ్య తేడా కనిపించదు. మొదటి దానిలో స్టిల్టు ఖాళీగా పడి ఉంటుంది, రెండో దానిలో కార్లు గేటు బయట నిలుస్తాయి. ఒకే నిబంధన ఒక చోట ఎక్కువై, మరో చోట చాలక, రెండు చోట్లా తప్పుతుంది.

ఒక కారు నిలపడానికి ఎంత జాగా పోతుందో చాలామంది ఊహించరు. కారు కింద పోయే నేల నూట ముప్పై, నూట యాభై చదరపు అడుగుల లోపే. అయితే అది లోపలికి రావడానికి, తిరగడానికి, వెనక్కి తీయడానికి కావలసిన దారి అంతకు మించి ఉంటుంది. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ ఈ మొత్తాన్ని లెక్కగట్టి, ఒక కారుకు బయలు జాగాలో 23 చదరపు మీటర్లు, భవనం కింద 28, సెల్లార్‌లో 32 చొప్పున లెక్కించాలని పెట్టింది. 28 చదరపు మీటర్లంటే దాదాపు 300 చదరపు అడుగులు. తొమ్మిది వందల అడుగుల ఫ్లాటులో మూడో వంతు, అంటే ఒక పడకగది, వంటగది, స్నానాల గది కలిపినంత. పునాది, స్తంభాలు, స్లాబు, నేల ధర అన్నీ ఈ జాగాకు కూడా పడతాయి, ఆ ఖర్చు ఫ్లాటు ధరలోనూ, కిరాయిలోనూ కలిసి వస్తుంది.

ఆ ఖర్చు ఎవరు మోస్తున్నారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కారున్న కుటుంబాలు ఎనిమిది శాతం లోపే, స్కూటరో మోటారుసైకిలో ఉన్నవి దాదాపు సగం. నగరాల్లో కార్లు ఇంతకంటే ఎక్కువన్నది నిజమే. అయినా కారు లేని ఇళ్లే ఎక్కువ. హనుమకొండలోని ఏదైనా మధ్యతరగతి అపార్ట్‌మెంటు స్టిల్టులోకి మిట్టమధ్యాహ్నం కాకుండా రాత్రి పదింటికి, అందరూ ఇల్లు చేరాక వెళ్లి చూడండి. స్తంభాల మీద పసుపు రంగుతో ఫ్లాటు నంబర్లు రాసి ఉంటాయి. కొన్ని గడుల్లో కార్లు కవర్లు కప్పుకొని ఉంటాయి, కొన్నిట్లో రెండేసి బైకులు, మరికొన్నిట్లో పాత కూలరు, విప్పిన మంచం చట్రం, ఇసుక మిగిలిన బస్తా. కిరాయికి ఉంటూ, మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సులో ఉద్యోగానికి వెళ్లి వచ్చే మహిళ ఆ కూలరు నిలిచిన మూడు వందల అడుగులకు కూడా నెల నెలా కిరాయి కడుతోంది. తను ఎన్నడూ కొనని కారుకు ఆమె చోటు కొనిపెట్టింది. ఈ అన్యాయం నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తుంది, ఎందుకంటే ఇది ఏ రసీదులోనూ కనిపించదు.

ఆ ఖర్చును విడదీసి, కారున్నవారి దగ్గరే తీసుకుంటే సరిపోతుంది కదా అని అడగవచ్చు. మన చట్టంలో అది అంత తేలిక కాదు. స్టిల్టు పార్కింగ్ అందరి ఉమ్మడి జాగా అని, దాన్ని బిల్డరు విడిగా అమ్ముకోరాదని 2010లో సుప్రీంకోర్టు మహారాష్ట్ర చట్టానికి సంబంధించిన కేసులో తీర్పు చెప్పింది. బిల్డర్ల దోపిడీ నుంచి కొనుగోలుదారులను కాపాడిన తీర్పు అది, దాన్ని తప్పుపట్టను. కానీ కట్టడం తప్పనిసరి, విడిగా అమ్మడం కుదరదు అన్నప్పుడు ఖర్చు అందరి ఫ్లాట్ల ధరలో కలవక తప్పదు. మాల్స్ సంగతీ ఇంతే. 2018లో తెలంగాణ ప్రభుత్వం జీవో 63 ద్వారా వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట పార్కింగ్‌కు రుసుము తీసుకోరాదని, బిల్లు చూపితే ఆ తరువాత కూడా మినహాయింపు ఇవ్వాలని ఆదేశించింది. ప్రజలు సంతోషించారు. అయితే ఆ సెల్లార్లు ఊరికే కట్టినవి కావు. వాటి ఖర్చు మడిగెల కిరాయిలోకి, అక్కడి నుంచి చొక్కా ధరలోకి, పాప్‌కార్న్ ధరలోకి వెళుతుంది. ఆటో దిగి వచ్చినవారూ అదే ధర చెల్లిస్తారు.

సెల్లార్ విషయంలో వరంగల్‌కు మరో ప్రత్యేకమైన ప్రశ్న ఉంది. నేలలో పదడుగుల లోతుకు దిగాలంటే, ఎనిమిదడుగులకు ఒక అడుగు చొప్పున దిగే ర్యాంపుకు ఎనభై అడుగుల పొడవు కావాలి. పన్నెండు అడుగుల వెడల్పుతో అది 960 చదరపు అడుగులు. దాని మీద ఒక్క కారూ నిలవదు. ఆ తవ్విన గుంత వానాకాలంలో ఏమవుతుందో ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కరలేదు. కాకతీయుల కాలం నుంచి చెరువుల గొలుసు మీద పెరిగిన ఊరిది. వడ్డేపల్లి చెరువు, భద్రకాళి చెరువు, వాటిని కలిపే కాలువలు, నయీంనగర్ నాలా పారే దారుల్లోనే కాలనీలు లేచాయి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో ఆ నీరు తన దారిని వెతుక్కుంటూ ఇళ్లలోకి వచ్చింది. వీధిలో మోకాలి లోతు నీరు నిలిస్తే ర్యాంపు నోరు తెరిచిన సెల్లార్‌లోకి ఎంత దిగుతుందో ఊహించవచ్చు. లిఫ్టు గుంత, జనరేటరు, కరెంటు ప్యానెలు చాలా చోట్ల ఉండేది అక్కడే. నీరు చేరే ప్రాంతంలో భవనం కింద గుంత తవ్వవలసిన పరిస్థితిని నిబంధనే కల్పించడం, ఆ తరువాత మోటార్లు పెట్టి తోడుకోవడం ఈ ఊరికి తగిన పద్ధతి కాదు.

స్టిల్టులో వేరే రకం ప్రమాదం ఉంది. పైన గోడలతో బరువుగా ఉన్న అంతస్తులు, కింద గోడలు లేకుండా వట్టి స్తంభాలు. భూమి కదిలినప్పుడు ఆ కింది అంతస్తే మొదట ఒరుగుతుంది. 2001 భుజ్ భూకంపంలో వందల కిలోమీటర్ల దూరంలోని అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలా వాటికి కింద పార్కింగ్ కోసం వదిలిన ఖాళీ అంతస్తే ఉంది. స్తంభాలను అందుకు తగిన బలంతో కడితే స్టిల్టు సురక్షితమే. ఆ బలానికి ఖర్చవుతుంది, చిన్న బిల్డర్లు అక్కడే పొదుపు చేస్తారు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు వరంగల్, హనుమకొండ జనం మెట్లు దిగి వీధిలో నిలబడిన సంగతి మరచిపోకూడదు.

ఇన్ని ఖర్చులు పెట్టించినా ఈ నిబంధన చివరికి పార్కింగ్‌నైనా తెచ్చిందా అంటే, అదీ సగమే. దవాఖానలు వరుసగా ఉన్న ఏ వీధిలోనైనా సెల్లార్ మెట్లు దిగి చూడండి: రక్త పరీక్షల ల్యాబు, స్కానింగ్ గది, మందుల దుకాణం, క్యాంటీను. నక్షాలో కార్ల గడులుగా గీసిన చోటు అది. రోగుల బంధువుల బండ్లు రోడ్డు మీద ఉంటాయి. అప్పుడప్పుడు నోటీసులు వస్తాయి, కొన్నాళ్లు షట్టర్లు దిగుతాయి, మళ్లీ లేస్తాయి. నియమం ప్రకారం కట్టినవాడికి జాగా నష్టం, మార్చుకున్నవాడికి కిరాయి లాభం. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో, 2015లో తెలంగాణలో అతిక్రమణలను రుసుముతో క్రమబద్ధీకరించే పథకాలు తేవలసి వచ్చిందంటే, నిర్మాణ నియమాలకు, నేల మీద కట్టే వాస్తవానికి ఎంత దూరం ఉందో ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. పాటించడం అసాధ్యమైన నియమాన్ని పుస్తకంలో ఉంచడం వల్ల లాభపడేది నోటీసు ఇచ్చే అధికారం చేతిలో ఉన్నవారే.

ఇక అసలు అభ్యంతరానికి వద్దాం, దీన్ని తేలికగా తీసివేయకూడదు. ఇప్పుడే రోడ్డు మీద నడవడానికి చోటు లేదు, నిబంధన కూడా తీసేస్తే ప్రతి బండీ రోడ్డు మీదికే వస్తుంది కదా? జేపీఎన్ రోడ్డులో సాయంత్రం పూట నడిచే ఎవరికైనా ఈ భయం సహజం. కానీ ఆ బండ్లు రోడ్డు మీద ఎందుకున్నాయో ఆలోచించాలి. లోపల చోటు లేక కొన్ని. చోటున్నా రోడ్డు దగ్గర, ఊరికే, అడిగేవాడు లేకుండా దొరుకుతోంది కాబట్టి మిగిలినవి. సెల్లార్ ఖాళీగా ఉన్నా ర్యాంపు దిగి, తిప్పి, ఎక్కి రావడం కంటే దుకాణం ముందు ఆపడం తేలిక. రోడ్డు ఊరికే దొరికినంత కాలం లోపల ఎన్ని అంతస్తుల పార్కింగ్ కట్టించినా రోడ్డు ఖాళీ కాదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా నగరాల్లో నేల విలువైనదని, పార్కింగ్ రుసుము ఆ విలువను ప్రతిబింబించాలని స్పష్టంగా చెప్పింది. జపాన్ ఈ బాధ్యతను మొదటి నుంచీ బండి యజమానికే ఎక్కువగా అప్పగించింది: 1962 చట్టం ప్రకారం అక్కడ కారు కొనేవాడు దాన్ని నిలుపుకొనే చోటు తనకుందని చూపించాలి, రాత్రంతా వీధిలో వదిలేయకూడదు.

అందువల్ల నిబంధన ఎత్తివేత, రోడ్డు నిర్వహణ రెండూ జతగా నడవాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే అభ్యంతరం చెప్పినవారి మాటే నిజమవుతుంది. రద్దీ బజార్లలో బండ్లు ఎక్కడ ఆపవచ్చో గీతలు గీసి, గంటకు ఇంత అని వసూలు చేసి, ఆ డబ్బును అదే వీధి కాలిబాటకు, మురుగు కాలువకు, దీపాలకు ఖర్చు చేస్తే దుకాణదారులే దానికి అండగా నిలుస్తారు. కాలిఫోర్నియాలోని పసడీనా తన పాత బజారులో 1993 నుంచి ఇలాగే చేసి, పాడుబడిన వీధిని మళ్లీ జనంతో నింపింది. మన దగ్గర కారుకు, బైకుకు వేరు ధర ఉండాలి. ఒక కారు ఆగే చోట ఆరేడు బైకులు నిలుస్తాయి. సరుకు దింపే ట్రాలీలకు పొద్దున వేళలు, ఆటోలకు అడ్డా, తోపుడు బండ్లకు చోటు ముందే తీసిపెట్టాలి, లేకపోతే ఈ సంస్కరణ భారం మళ్లీ పేదవాడి మీదే పడుతుంది.

ఫంక్షన్ హాళ్లు వీటన్నిటికంటే కష్టమైనవి. ముహూర్తాలున్న రోజు హంటర్ రోడ్డులో వెళ్లాలంటే ఎంతసేపు పడుతుందో నాకూ అనుభవమే. ఒకే గంటలో వందల బండ్లు వచ్చి, మూడు గంటల్లో పోతాయి. మిగతా రోజుల్లో ఆ మైదానమంతా ఖాళీ. ఇక్కడ శాతం లెక్క ఆ రోజు చాలదు, మిగతా రోజుల్లో దండుగ. హాలు యజమాని ముహూర్తం రోజు దగ్గరలోని బడి మైదానమో, కాలేజీ ఆవరణో కిరాయికి తీసుకున్నట్టు చూపాలని, రోడ్డు మీద మనుషులను పెట్టాలని అనుమతిలోనే షరతు రాయడం దీనికి తగిన మార్గం. ఆదివారాలు బడి ఖాళీ, రాత్రుళ్లు ఆఫీసు సెల్లార్ ఖాళీ. ఉన్న జాగాను పంచుకోనివ్వడం కొత్తగా కట్టించడం కంటే చౌక.

నిర్బంధం తీసేసిన ఊళ్లలో ఏమైందో చూడడానికి ఇప్పుడు చాలా ఉదాహరణలున్నాయి. లండన్ 2004లో కనీస పరిమితి తీసి గరిష్ఠ పరిమితి పెట్టింది. కొత్త ఇళ్లకు ఒక్కోదానికి సగటున 1.1గా ఉన్న కారు చోటు 0.6 దగ్గరికి దిగింది. ఆ తగ్గుదలలో అత్యధిక భాగం కనీస పరిమితి పోవడం వల్లనే వచ్చిందని, గరిష్ఠ పరిమితి పాత్ర స్వల్పమని పరిశోధనలో తేలింది. అంటే అంతకుముందు కట్టినదాంట్లో చాలా భాగం ఎవరూ కోరనిదే. అమెరికాలోని బఫెలో 2017లో ఊరంతటా ఎత్తివేసిన తరువాత వచ్చిన పెద్ద నిర్మాణాల్లో 47 శాతం పాత నియమం కంటే తక్కువ పార్కింగ్ కట్టాయి, మిగిలినవి అంతే లేదా ఎక్కువే కట్టాయి. దుకాణాలు, ఇళ్లు కలిపి కట్టినవాటిలో తగ్గుదల ఎక్కువ. మన పాత బజార్ల పద్ధతి అదే కాబట్టి ఇది మనకు ముఖ్యమైన విషయం. మెక్సికో సిటీ 2017లో, ఆస్టిన్ 2023లో ఇదే దారి పట్టాయి. న్యూజిలాండ్ 2020లో జాతీయ విధానంగానే ప్రకటించింది.

కొన్ని నిబంధనలు మాత్రం ఉండి తీరాలి. వికలాంగుల వాహనాలకు ద్వారం దగ్గర చోటు, అంబులెన్సు ఆగే జాగా, ఫైరింజను తిరిగే దారి, పెద్ద భవనాల్లో సరుకు దింపే చోటు, ఇవి మార్కెట్టుకు వదలదగినవి కావు. చుట్టూ ఖాళీ వదిలే సెట్‌బ్యాకులు కూడా గాలి వెలుతురులకు, అగ్ని భద్రతకు సంబంధించినవి, పార్కింగ్‌తో వాటిని ముడిపెట్టకూడదు.

వరంగల్ తనంతట తాను ఈ శాతాలను మార్చుకోలేదు. భవన నియమాలు రాష్ట్ర పురపాలక శాఖ చేతిలో ఉన్నాయి. హైదరాబాద్ శివార్లలోని ఆకాశహర్మ్యాలను మనసులో పెట్టుకొని రాసే సవరణలు పిన్నవారి వీధికి కూడా వర్తిస్తాయి కాబట్టి, గోడకు గోడ ఆనుకున్న పాత బజార్లలోనూ, హనుమకొండ, వరంగల్ బస్టాండ్లు, కాజీపేట స్టేషన్ చుట్టూ నడక దూరంలోనూ ముందుగా నిర్బంధం ఎత్తివేయాలని ఇక్కడి కార్పొరేటర్లు, చాంబర్ వ్యాపారులు, ఇంజినీర్లు కలిసి అడగాలి. రోడ్డు మీద గీతలు గీయడం, రుసుము నిర్ణయించడం, దాన్ని ఆ వీధికే ఖర్చు చేయడం మాత్రం బల్దియా (నగరపాలక సంస్థ) పరిధిలోని పనులు. వాటికి జీవో సవరణ కోసం ఎదురుచూడనక్కరలేదు. చౌరస్తా నుంచి ఒక్క వీధిని ఎంచుకొని వచ్చే దసరా బేరాల లోపే మొదలుపెట్టవచ్చు.